మగ్గం ఇంటికి ఏ లెన్స్?

(సమాఖ్య వార్షికోత్సవంలో యువజనుల పూటలో మాట్లాడిన మాటలు)



నాకిచ్చిన అంశం విని మా ఇంట్లో నవ్వినారు. కెమేరాకు అన్ని పనులకూ సరిపోయే జూమ్ లెన్స్ ఎంచుకోవడం ఎట్లా, అని. పట్టు ధర మీదో, జరీ మీదో, కూలి మీదో మాట్లాడమంటే ఒక సొసైటీ సెక్రటరీని పిలవడం సబబు. లెన్స్ మీద నన్నెందుకు పిలిచినారని ఫోన్లో అడిగితే, సమాఖ్యవారు దాచకుండా చెప్పినారు. "మీరు ఒకసారి తప్పు లెన్స్ కొన్నారు కదండీ, ఆ సంగతి చెప్పండి చాలు" అన్నారు. సరే, అదే చెప్తాను. కొన్నది నేను, డబ్బు సభ్యులది. నష్టపడబోయింది మాత్రం మా నేత అక్క ఒకామె. అందుకే దీన్ని వేడుక మాటగా చెప్పలేను.

కరోనా కాలంలో ఎగ్జిబిషన్లు నిలిచిపోయినాయి, పెళ్లిళ్లు చిన్నవైపోయినాయి. చీర అమ్మాలంటే ఫొటో పంపడం తప్ప వేరే దారి లేదు. ఫోన్‌తోనే మొదలుపెట్టినాము. ఫోన్ చాలదా అని ఇక్కడ పిల్లలు కొందరు అడగబోతున్నారు, ముందే చెప్తాను: వాట్సాప్‌లో పంపేదానికి చాలామట్టుకు చాలు. మాకు చాలనిది ఎక్కడంటే, కేటలాగు అచ్చు వేయించినప్పుడు, కొంగు దగ్గర పేట్ని పోగులు దగ్గరగా చూపించమని కొనేవాళ్లు అడిగినప్పుడు, మా సన్నజరీ ఫోన్‌లో పసుపుగీత మాదిరి అంటుకుపోయి కనపడినప్పుడు. అప్పుడు 2021లో పాలకవర్గం తీర్మానం చేసి, కొత్తగా నేర్చుకునేవాళ్లకని అమ్మే కేనన్ కెమేరా ఒకటి కొన్నాము. దాంతోపాటు డబ్బాలోనే 18-55 అని ఒక చిన్న లెన్స్ వచ్చింది.

నేను అక్కడితో ఆగివుంటే ఈ ప్రసంగమే లేదు. అంగడిలో "ఇది ఊరికే ఇచ్చే లెన్స్ సార్, అన్నిటికీ పనికొచ్చేది 18-300, ఒక్కటి కొంటే మళ్లీ ఏమీ కొనక్కరలేదు" అన్నారు. ఒక్కటి కొంటే అన్నీ అయిపోతాయి అనే మాట నాలాంటివాడికి తియ్యగా ఉంటుంది. సొసైటీలో ప్రతి ఖర్చుకూ ఓచరు రాయాలి కదా, ఒకే ఓచరుతో పోతుందనుకున్నాను. కొనేసినాను.

ఇప్పుడు ఆ నంబర్లేమిటో చెప్తాను. చిన్న నంబరంటే ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్ద నంబరంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నాకు అది తలకెక్కలేదు. మన లెక్కలో, అడుగుల్లో చెప్తే ఎక్కింది. మా కెమేరాలో బొమ్మ పడే చిప్పు వెడల్పు 22 మిల్లీమీటర్ల చిల్లర. దాన్ని లెన్స్ నంబరుతో భాగించి, మీరు నిలబడిన దూరంతో హెచ్చవేస్తే, ఎంత వెడల్పు బొమ్మలో పడుతుందో దాదాపుగా వచ్చేస్తుంది. 8 అడుగుల దూరంలో నిలబడినామనుకోండి. 18 నంబరులో సుమారు 10 అడుగుల వెడల్పు పడుతుంది. 55లో 3 అడుగుల పైచిలుకు. 135లో 16 అంగుళాలు. 300లో 7 అంగుళాలు, అంటే జానెడు కూడా లేదు.

ఇప్పుడు మీమీ మగ్గం ఇల్లు తలుచుకోండి. గుంటమగ్గం, పక్కన గోడ, వెనక వంటిల్లు. కెమేరా పట్టుకున్నవాడు వెనక్కి జరగడానికి 8 అడుగులు దొరికితే పుణ్యం. ఆ ఇంట్లో 300తో ఏం తీస్తారు? నేసేవారి చెవి తీస్తారు.

చీర సంగతి కూడా లెక్క వేసినాను. చీర వెడల్పు 48 అంగుళాలు, అంటే 4 అడుగులు. వెడల్పంతా బొమ్మలో పడాలంటే 35 నంబరులో ఆరున్నర అడుగులు వెనక్కి పోవాలి, 50లో 9 అడుగులు. మా సొసైటీ గది పొడవు చూసుకుంటే 35 నుంచి 50 లోపలే మా పని అంతా. ఇది కొనకముందే టేపు పట్టి గదిని కొలిచివుంటే తెలిసేది. పడుగు పోయకముందు ఎన్ని గజాలని కొలవనివాడు మనలో ఎవడూ లేడు, లెన్స్ కొనేటప్పుడు మాత్రం అంగడివాడి మాట కొలతయిపోయింది.

ఇక ఆ చీర కథ.

మా సభ్యురాలు ఒక అక్క, ఆమె కొడుకు కలిసి కోర్వై చీర నేసినారు. కోర్వై అంటే తెలియని ఊళ్లవాళ్లకు చెప్తాను: నడుమ ఒక రంగు, అంచు ఇంకొక రంగు, మూడు నాడెలు ఆడతాయి, పక్కన ఇంకొక మనిషి కూర్చుని నాడె అందుకోవాలి. ఒళ్లూ అంచూ కలిసే గీత తిన్నగా రావడంలోనే నేతగాడి పేరుంటుంది. పదిహేను రోజులు పట్టింది వాళ్లకు. ఎర్ర అంచు, పాచి రంగు ఒళ్లు. నేను దాన్ని గోడకు తగిలించి, కొత్త లెన్స్‌ను 18లో పెట్టి, దగ్గరగా నిలబడి మొత్తం చీర ఒక్క బొమ్మలో పట్టేసినాను. నిండుగా వచ్చిందని మురిసిపోయినాను కూడా.

బొమ్మ చూసి బెంగుళూరులో ఒకరు తీసుకుంటామన్నారు. మరునాడు మళ్లీ ఫోన్ చేసి, అంచు ఒంకరగా ఉంది, ఒద్దండీ అన్నారు. నేను కంప్యూటర్‌లో చూసినాను. నిజమే, అంచు విల్లు మాదిరి బయటికి వంగివుంది. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా మగ్గాలు చూస్తున్నవాణ్ణి, చీర తీసి చేత్తో చూడాల్సింది. చూడలేదు. బొమ్మను నమ్మినాను. కూలి పుస్తకంలో ఆ చీర ఎదుట నేత లోపమని రాసి, కోత వేసినాను.

అక్క శనివారం కూలికి వచ్చింది. కోత చూసింది. ఒక్క మాట అనలేదు. చీర తెమ్మంది. ఆఫీసు నేల మీద పరిపించింది, కొంగుముడిలోనుంచి ఒక పడుగుపోగు తీసింది, ఒక చివర కొడుకును పట్టుకోమని, ఒక చివర తాను పట్టుకుని, అంచు పొడుగునా బిగించి లాగింది. పోగుకూ అంచుకూ మధ్య గోరు పట్టే సందు లేదు. తరువాత నావైపు చూసి, "ఇప్పుడు దీన్ని నీ టీవీ మీద పెట్టు" అనింది. కంప్యూటర్ తెర మీద అదే పోగు బిగించి పట్టినాము. అంచు నడుమ వేలెడు దూరం జరిగివుంది.

నేత తిన్నగానే ఉంది. వంగింది నా లెన్స్‌లో. కూలి పుస్తకంలో ఆ గీత కొట్టేసి పక్కన సంతకం పెట్టినాను. ఆ కొట్టివేత ఇప్పటికీ ఉంది, ఆడిటర్ వచ్చిన ప్రతిసారీ ఇదేమిటని అడుగుతాడు.

ఎందుకు వంగిందో తరువాత తెలుసుకున్నాను. ఏ జూమ్ లెన్స్ అయినా మరీ వెడల్పు కొనలో, అంటే 18 దగ్గర, బొమ్మ అంచుల్లో ఉండే తిన్నటి గీతల్ని పీపా మాదిరి ఉబ్బిస్తుంది. 18-55లో కూడా ఉంటుంది ఈ గుణం. కానీ 18 నుంచి 300 దాకా ఒకే గొట్టంలో ఇమిడ్చిన లెన్స్‌లో సర్దుబాట్లు ఎక్కువ చేయాలి కాబట్టి వంకర కూడా ఎక్కువ కనపడుతుంది. నంబరు కొంచెం పెంచితే గీత తిరగబడి లోపలికి వంగుతుంది. చెట్టు ఫొటోలో, మనిషి ఫొటోలో ఇది ఎవరికీ తెలియదు. చీర అంచులో తెలుస్తుంది. అందుకే లెన్స్ మంచిచెడ్డలు చెప్పేవాళ్ల మాట మనకు సగమే పనికొస్తుంది, వాళ్లు కొండలూ పక్షులూ తీసేవాళ్లు. కొన్ని కెమేరాల్లో ఈ వంకరను తానే సవరించే ఏర్పాటు ఉంది, ఎక్కువగా తమ కంపెనీ లెన్స్ అయితేనే చేస్తుంది. కొనేటప్పుడు అడగండి. ఇంకొకటి, కెమేరా పైకో కిందికో వాలినా అంచులు రెండూ ఒకవైపు దగ్గరకొస్తాయి. అది లెన్స్ తప్పు కాదు, మన చేతి తప్పు. చీర నడుముకు సమానంగా కెమేరా ఎత్తు పెట్టి ముక్కాలి స్టాండు మీద తీయాలి.

మహాజనసభలో ఈ సంగతి వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది? మా పెద్దాయన ఒకరు లేచి, "సెక్రటరీ, ఆ 300 ఎక్కడ వాడినావో చెప్పు" అన్నారు. నేను ఆలోచించి, రథోత్సవం రోజు మేడమీద నుంచి స్వామి ముఖం తీసినానన్నాను. "ఎన్నిసార్లు?" ఒక్కసారి. సభంతా నవ్వింది. ఆ లెన్స్‌ను పాతసరుకు కింద అమ్మి, తగ్గిన సొమ్ము నేను కట్టినాను. ఇంట్లో ఆ విషయం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

తరువాత ఆరు నెలలు ఏ లెన్సూ కొనలేదు. డబ్బాలో వచ్చిన 18-55తోనే తీసినాము. ఇదొక్కటి మాత్రం యువకులకు గట్టిగా చెప్తాను, కెమేరాతో వచ్చిన చిన్న లెన్స్‌ను తక్కువగా చూడకండి. అది 200 గ్రాముల బరువు, చేతికి తేలిక. 25 సెంటీమీటర్ల దగ్గరికి పోయి తీస్తుంది. 55లో అంత దగ్గరికి పోతే 6 సెంటీమీటర్ల బట్ట ఒక్క బొమ్మ నిండా వస్తుంది. పేట్ని పోగులు లెక్కపెట్టవచ్చు. ఊరికే ఇచ్చే లెన్స్ అని అంగడిలో అన్నది దీన్నే.

ప్రతి ఫొటోకు ఏ నంబరులో తీసినామో కెమేరా తనకు తానే రాసిపెట్టుకుంటుంది, కంప్యూటర్‌లో ఫొటో వివరాలు చూస్తే కనపడుతుంది. మా మనవరాలు కూర్చుని ఆ ఆరు నెలలవీ చూసింది. చాలా భాగం 24కూ 55కూ మధ్యలోనే ఉన్నాయి. అయితే 55 దగ్గరికి వచ్చి ఆగిపోయినవి, ఇంకొంచెం ముందుకు పోవాలని ఆరాటపడినవి కూడా కొన్ని ఉన్నాయి: చీర కట్టుకున్న మనిషి నిలువు బొమ్మ, సభల్లో వేదిక, మగ్గం మీద నేతగాడి చేతులు గుంట అవతలి నుంచి. వీటికి 85, 100 ఉంటే బాగుంటుంది. మనిషిని దూరం నుంచి 85లో తీస్తే ముక్కు పెద్దదై కనపడదు, కుచ్చిళ్లు తీరుగా పడతాయి.

అట్లా లెక్క చూసుకుని 18-135 కొన్నాము. అరకిలో బరువు. దగ్గరగా తీస్తే 8 సెంటీమీటర్ల బట్ట నిండుగా పడుతుంది, చిన్న లెన్స్ అంత కాదు, అయినా చాలు. వంకర 18 దగ్గర దీంట్లోనూ ఉంది, మేము చీరను 35 కంటే తక్కువలో తీయము. గోడ మీద రంగుపట్టీ అతికించి పెట్టినాము, స్టాండు అక్కడ పెట్టాలి, నంబరు ఇంత ఉండాలి అని. నేను లేకపోయినా ఎవరైనా తీయగలరు.

18-135 అందరూ కొనండి అని నేను చెప్పడం లేదు. మీ ఇల్లు వేరు. సోలాపూర్‌లో చద్దర్లూ టవళ్లూ తీసేవారికి బల్ల మీద పరిచి పైనుంచి తీయడం ఉంటుంది, 18-55 తప్ప ఇంకేమీ అక్కరలేదు. పెళ్లిళ్లు తీసి నాలుగు డబ్బులు చేసుకుందామనుకునే కుర్రవాడికి 18-135 సరిపోతుంది. రథాలూ ఊరేగింపులూ దూరం నుంచి తీయాలనే సరదా ఉంటే, అన్నీ ఒకదాంట్లో వెతక్కుండా 55-250 అని విడిగా దొరుకుతుంది, పాతది కొంటే ఇంకా మేలు.

పాతది కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. లెన్స్ మూతి కెమేరాకు అతకాలి. కేనన్‌లోనే పాత అద్దం కెమేరాల మూతి వేరు, కొత్త అద్దం లేని కెమేరాల మూతి వేరు. పాత లెన్స్ కొత్తదానికి పెట్టాలంటే నడుమ ఒక అడాప్టరు కావాలి, కొత్త లెన్స్ పాతదానికి ఎట్లా చేసినా పట్టదు. అద్దం లేని కేనన్ చిన్న కెమేరాకు 18-150 ఉంది, సోనీకి 18-135 ఉంది, నికాన్‌కు 18-140 ఉంది. అన్నీ దాదాపు ఒక్క జాతివే. నికాన్ డి 3500 లాంటి చిన్న కెమేరాల లోపల మోటారు ఉండదు. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉంటేనే దానంతటది ఫోకస్ చేస్తుంది, ఉత్త ఏఎఫ్ అని ఉన్న పాతది చవకగా ఇస్తామంటే తీసుకోకండి, ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి.

వెలుతురు సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. లెన్స్ మీద ఎఫ్ 3.5 నుంచి 5.6 అని రాసివుంటుంది. ఆ నంబరు తక్కువైతే లెన్స్ కన్ను పెద్దది. పొడుగు కొనలో కన్ను చిన్నదవుతుంది, అందుకే గుంటమగ్గం దగ్గర చీకటిలో జూమ్ చేస్తే నాడె పోయిన చోట తెల్లగీత మాత్రమే వస్తుంది. ఎఫ్ 2.8 అంతటా ఉండే జూమ్ లెన్స్‌లు ఉన్నాయి, 5.6తో పోలిస్తే నాలుగింతల వెలుతురు తీసుకుంటాయి. ధర కూడా అట్లాగే ఉంటుంది. దానికంటే, జూమ్ లేని 50 నంబరు, ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి చవకలో వస్తుంది, 5.6 కంటే దాదాపు పదింతలు వెలుతురు. అన్నిటికీ పనికొచ్చేది కాదు. అయినా మగ్గం దగ్గర చేతులు తీయడానికి అంతకంటే మంచిది నేను చూడలేదు. లెన్స్ మీద ఐఎస్ అనో వీఆర్ అనో ఉంటే మన చేతి వణుకును కొంత ఆపుతుంది, నాడె పరుగును మాత్రం ఆపలేదు. ఆ రెండూ కలిపేసి చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

నిలవున్న చీరకు మాత్రం ఈ గొడవ లేదు. స్టాండు ఉంటే ఎఫ్ 8లో పెట్టండి, చీర నాలుగు మూలలూ స్పష్టంగా వస్తాయి. ట్యూబ్‌లైటు ఆర్పేసి పక్క కిటికీ వెలుతురులో తీయండి. ఎదురుగా లైటు కొడితే జరీ తెల్లబడిపోతుంది. పడుగొక రంగు, పేకొక రంగు ఉన్న చీరను రెండువైపుల నుంచీ రెండు బొమ్మలు తీసి రెండూ పంపండి, లేకపోతే నీలం అడిగితే వంగపండు పంపినారని తిట్లు తింటారు. తిన్నాము కాబట్టి చెప్తున్నాను.

సన్ననేత మీద ఒక్కొక్కసారి బొమ్మలో లేని అలలు కనపడతాయి. భయపడకండి, పన్నె తప్పు కాదు. పోగుల వరస కెమేరా చిప్పులోని గడుల వరసతో తగులుకుని అట్లా వస్తుంది. దాన్ని మోయిర్ అంటారు. తమాషా ఏమంటే ఆ పేరు మొదట పట్టుబట్ట మీద నీటి అలల మాదిరి వేసే మెరుపుకు పెట్టిందే, మన వృత్తిలోనుంచి పోయిన మాటే. ఒక అడుగు వెనక్కో ముందుకో జరిగి, లేదా నంబరు కొంచెం మార్చి తీస్తే పోతుంది.

చివరగా, లెన్స్‌ను చీరల బీరువాలో పెట్టకండి. గుంటమగ్గం ఇళ్లలో నేల చెమ్మ ఎక్కువ, వానాకాలం గడిచేసరికి గాజు లోపల సాలెగూడు మాదిరి బూజు పడుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లాలు, అంతే. పొట్లాలు అప్పుడప్పుడు మార్చాలి. ముందుకు సాగే జూమ్ లెన్స్ తిప్పినప్పుడల్లా గాలి పీలుస్తుంది, గాలితోపాటు మన నూలు దుమ్మూ లోపలికి పోతుంది, కాబట్టి పాగడి చుట్టే చోట లెన్స్ విప్పి మార్చకండి.

ధరలు అడుగుతున్నారు వెనక నుంచి. ఈ రోజు చెప్పింది రేపు ఉండదు, కొనేముందు మూడు చోట్ల అడగండి.

కెమేరా, రెండు లెన్స్‌లూ సంచిలో తెచ్చినాను. 18-55, 18-135. భోజనాల తరువాత తూర్పు కిటికీ దగ్గర స్టాండు వేసుకుని కూర్చుంటాను. మీ ఊరి చీర గానీ తువ్వాలు గానీ ఒకటి తీసుకుని రండి, రెండు లెన్స్‌లతోనూ తీసి చూద్దాము. పడుగుపోగు నా దగ్గర ఉంది.